ఫ్యాను ఆపిన రెండు నెలలు: చలికాలంలో ఇంటిపట్టున నెమ్మదించడం ఎలా

నెల్లూరులో చలి అంటే ఉత్తరాదిలో ఉండే బంధువులు నవ్వుతారు. నవ్వనివ్వండి. మనకు డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. స్వెట్టర్లు ఏడాదికి పది రోజులు బీరువాలోంచి బయటికొస్తాయి, అది కూడా తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం వెళ్ళేవాళ్ళ ఒంటిమీదికి. అందుకే ఇక్కడ చలికాలాన్ని ఎవరూ ఒక కాలంగా లెక్కపెట్టరు. తుపానులకూ ఎండలకూ మధ్య ఇరుక్కున్న చిన్న సందు అనుకుంటారు.

ఆ సందు గురించే ఈ వ్యాసం. అక్టోబరు నుంచి వాయుగుండాలు, మురుగు నీళ్ళు, కరెంటు కోతలు. మార్చి దాటితే గోడలు సెగలు కక్కుతాయి. ఒళ్ళు చెమట పట్టకుండా, బట్టలు తేమ పట్టకుండా ఉండేది డిసెంబరు రెండో వారం నుంచి శివరాత్రి దాకా, గట్టిగా లెక్కేస్తే రెండు నెలలు. సీలింగ్ ఫ్యాను లేకుండా నిద్రపోగలిగేది ఏడాదిలో ఆ రెండు నెలలే. మిగతా పది నెలలు మన నెత్తిమీద ఒక యంత్రం తిరుగుతూనే ఉంటుంది. దాని చప్పుడుకు అలవాటుపడి, అది ఆగితే ఇల్లు ఎలా వినిపిస్తుందో మరచిపోయాం. ఆ నిశ్శబ్దాన్ని ఎలా వాడుకోవాలో కొన్నేళ్ళుగా చేసి చూసి, కొన్నిసార్లు చెడగొట్టుకొని నేర్చుకున్నది మీకు చెబుతాను.

మొదటి పని: పంచాంగం తీయండి

విశ్రాంతికి రోజులు దొరకవని మనందరి బాధ. మన పెద్దలు దానికి ఒక నెలే కేటాయించారు, మనం గమనించలేదు. డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెడతారు కదా, అక్కడి నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. దేవుడికి అది ఎంతో ఇష్టమైన నెల, మనుషులకు మాత్రం శూన్యమాసం. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, నిశ్చితార్థాలు ఉండవు. అంటే నాలుగు వారాల పాటు శుభలేఖలు రావు. ఆదివారం పట్టుచీర కట్టుకొని కావలికో కందుకూరుకో బస్సెక్కి, అక్షింతలు వేసి, పంక్తి భోజనం చేసి, రాత్రి తొమ్మిదికి తలనొప్పితో ఇల్లు చేరే పని ఉండదు. ఇంతకంటే పెద్ద వరం ఉంటుందని నేను అనుకోను.

గోడ కేలండరు తీసుకొని ఆ నాలుగు ఆదివారాల్లో కనీసం రెండింటి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టండి. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళరు, ఎవరినీ పిలవరు. ఎవరైనా వస్తామని ఫోను చేస్తే "మేము విశ్రాంతి తీసుకుంటున్నాం" అని మాత్రం చెప్పకండి. ఒంట్లో బాగాలేదేమోనని పండ్లు కొనుక్కొని మరీ వస్తారు. "ఇంట్లో కాస్త పనుంది, వచ్చే వారం రండి" అంటే చాలు. అబద్ధమేమీ కాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పెన్నా కాలువల కింద వరి పెట్టేవాళ్ళకు ఇది నాట్ల కాలం. వానలకు చెరువులు, సోమశిల జలాశయం నిండాక నార్లు పోసి నాట్లు వేస్తే కోత మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. ప్రకాశంలో పొగాకు వేసినవాళ్ళకు సంక్రాంతి అటూ ఇటూగా ఆకు కోయడం, ఆ ఆకును ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రింబవళ్ళు నిప్పు కాయడం మొదలవుతాయి. వాళ్ళకు నేను డిసెంబరులో కాళ్ళు చాపుకోమని చెబితే చీపురు తిరగేస్తారు. మీది అలాంటి ఇల్లయితే కింద చెప్పేవాటిలో పక్కబట్టల సంగతి, తలంటు సంగతి, సాయంత్రం సంగతి తీసుకోండి. మిగతావి కోతలయ్యాక చూసుకోవచ్చు.

రెండో పని: ఇంటిని ఎండబెట్టండి

సేదతీరడానికి ముందు చేయాల్సిన చాకిరీ ఒకటుంది, దాన్ని తప్పించుకోలేం. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఆ వానంతా ఇంట్లోకి రాకపోయినా, తేమ వస్తుంది. దిండ్లలో, పరుపుల్లో, బీరువా వెనక గోడలో, పప్పుల డబ్బాల్లో దాక్కుంటుంది. ఒక ఏడాది నేను ఈ పని బద్ధకించి, అటక మీది బొంత తీసి అలాగే కప్పుకొని పడుకున్నాను. ముక్క వాసన. మూడు వారాలు దగ్గుతూ విశ్రాంతి తీసుకున్నాను.

వాన తెరిపిచ్చి, వరుసగా మూడు రోజులు ఆకాశం తేటగా ఉన్నాక మొదలుపెట్టండి. బొంతలు, దుప్పట్లు, రగ్గులు, దూది దిండ్లు మేడ మీదికి ఎక్కించండి. ఉదయం పది దాటాక, డాబా నేల మీది తడి ఆరాక పరచండి. మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. బూరుగు దూది పరుపయితే బెత్తంతో మెల్లగా తట్టండి, గట్టిగా బాదితే దూది పొడి అవుతుంది. ఫోమ్ పరుపును మాత్రం ఎండలో పడేయకండి, ఎండకు అది పసుపెక్కి పెళుసుబారుతుంది. గాలి ఆడే వరండాలో నిలబెట్టి ఉంచితే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, నాలుగు గంటలకల్లా అన్నీ కిందికి దించేయడం. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటే పొద్దు వాలీ వాలగానే నేలా, బట్టా తమ వేడిని పైకి వదిలేసి చల్లబడతాయి, గాలిలోని తేమ వాటి మీద మంచుగా దిగుతుంది. ఆరింటికి దించిన దుప్పటి పైకి పొడిగా కనిపించినా రాత్రికి చెమ్మగిల్లుతుంది. నాలుగింటికి దించిన దుప్పటిలో ఎండ వాసన ఉంటుంది. ఆ వాసనను మడతపెట్టి బీరువాలో దాచడానికి తొందరపడకండి, ఆ రాత్రే కప్పుకోండి. మా ఇంట్లో ఒక బొంత ఉంది, మా అవ్వ నూలు చీరలు నాలుగు పొరలుగా వేసి కుట్టింది. అంచులు చిరిగాయి, రంగు పోయింది. ఎండబెట్టిన రోజు దాని కోసం ఇప్పటికీ ఇంట్లో గొడవ జరుగుతుంది.

గోడకు బూజు పట్టి ఉంటే పొడి చీపురుతో దులపకండి, ఆ పొడంతా ఊపిరిలోకి వెళుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో తుడిచి, తలుపులు తీసి ఆరనివ్వండి. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా జరపండి.

మూడో పని: ఫ్యాను ఆపడం

సులువైన పని అనుకుంటాం కానీ చాలామందికి ఇదే కష్టం. ఫ్యాను చప్పుడు లేకపోతే నిద్ర పట్టనివాళ్ళు ఇంటికొకరుంటారు. ఒక్కసారిగా ఆపకండి. మొదటి రాత్రి ఐదు మీద ఉన్నది మూడుకు, రెండో రాత్రి ఒకటికి తగ్గించండి, మూడో రాత్రి ఆపేయండి. ఎదురెదురు కిటికీలు రెండు బెత్తెడంత తెరిచి ఉంచండి. గాలి ఆడని గది చలికాలంలో కూడా ఉక్కగానే ఉంటుంది.

ఆపిన మొదటి రాత్రి ఇల్లు కొత్తగా వినిపిస్తుంది. ఫ్రిజ్ మూలుగు, బల్లి, పై అంతస్తులో ఎవరో కుర్చీ జరపడం, ఎక్కడో దూరంగా గూడ్సు బండి. తెల్లవారుజామున గుడి మైకు, అదృష్టం బాగుంటే హరిదాసు చిడతలు. కొందరికి ఈ చప్పుళ్ళు మొదట్లో చిరాకు తెప్పిస్తాయి. నాలుగో రోజుకు అలవాటవుతాయి.

ఇక దోమలు. నెల్లూరు దోమల పేరెత్తకుండా నెల్లూరులో నిద్ర గురించి రాయడం కుదరదు. ఫ్యాను గాలికి ఇంతకాలం మంచం దరిదాపులకు రాలేకపోయినవన్నీ ఇప్పుడు వస్తాయి. దీనికి నాకు తెలిసిన మంచి మందు దోమతెర. పాతకాలపు వస్తువని పక్కన పెట్టేశాం కానీ, దాని లోపల పడుకున్నవాళ్ళకు గదిలో ఇంకో చిన్న గది దొరుకుతుంది. అంచులు పరుపు కిందికి దోపి, పొద్దు వాలకముందే దించి ఉంచండి. తలుపులు బిగించి కాయిల్ వెలిగించి పడుకోవడం మానేయండి, రాత్రంతా పొగ పీల్చడం విశ్రాంతి కాదు. వారానికొకసారి పూలకుండీల కింది పళ్ళేలు, మేడ మీది పాత టైర్లు, పగిలిన బకెట్లలో నీళ్ళు పారబోయండి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారం తప్పకుండా చేస్తే చాలా వరకు తగ్గుతాయి. డెంగీ దోమ పగలు కుట్టే రకం, కాబట్టి మధ్యాహ్నం కునుకుకు కూడా తెర వాడండి.

చలి వేస్తోందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి బయటికి పోయే దారి లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు విషయంలోనూ అదే జాగ్రత్త.

నాలుగో పని: ఎవరి విశ్రాంతి అని అడగండి

ఇది నేను కాస్త కటువుగానే చెబుతాను. మన ఇళ్ళలో "ఈ ఆదివారం హాయిగా ఇంట్లో ఉందాం" అన్న మాటకు అర్థం, ఇంట్లో ఒకరు మూడు పూటలా వంటింట్లో ఉండటం. పొద్దున్నే కారం దోశ, పదకొండుకు టీ, మధ్యాహ్నం పులుసు, సాయంత్రం బజ్జీలు, రాత్రికి మళ్ళీ వేడివేడిగా ఏదైనా. సోఫాలో ఉన్నవాళ్ళు సేదతీరతారు, వంటింట్లో ఉన్నవాళ్ళు సోమవారం ఆఫీసు కోసం ఎదురుచూస్తారు. నేను రెండేళ్ళు అలాగే ఎదురుచూశాను.

కాబట్టి సున్నా చుట్టిన ఆదివారానికి ముందు శుక్రవారం రాత్రి ఇంటిల్లిపాది కూర్చొని పనులు రాయండి. అన్నం ఎవరు వండుతారు, గిన్నెలు ఎవరు కడుగుతారు, పాలు ఎవరు కాస్తారు, పెద్దవాళ్ళ మాత్రలు ఎవరు చూస్తారు. రాసిన పనుల్లో సగం కొట్టేయండి. ఆ రోజు ఇల్లు తుడవకపోతే ఏమీ కాదు. మిగిలినవి పంచుకోండి. మా వారు మొదటిసారి అన్నం మాడ్చారు, రెండోసారి నీళ్ళు ఎక్కువ పోశారు. మూడోసారి బాగానే వండారు. ఆ రెండు వారాలు వంటింట్లోకి వెళ్ళకుండా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది, అదీ విశ్రాంతిలో భాగమే కాబోలు.

వంట తగ్గించుకోవడానికి మన జిల్లాకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది. పులుపు, ఉప్పు, కారం ముక్కలోకి దిగడానికి సమయం కావాలి. కాబట్టి శనివారం సాయంత్రం వండేయండి, ఆదివారం అన్నం ఒక్కటి వార్చుకుంటే చాలు.

కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. కొర్రమీను అయితే మేలు, లేదంటే బజారులో ఆ రోజు తాజాగా ఉన్నది ఏదైనా సరే. ధనియాలు, జీలకర్ర, కాసిని మెంతులు దోరగా వేయించి పొడి కొట్టండి. మట్టిచట్టిలో నూనె కాస్త ఎక్కువే పోసి, ఆవాలు, కరివేపాకు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి నిదానంగా మగ్గనివ్వండి. పసుపు, ఉప్పు, కారం వేసి, చింతపండు పులుసు పోసి, పచ్చివాసన పోయి నూనె పైకి తేలేదాకా మరిగించండి. చేప ముక్కలు అప్పుడు వేయాలి, ముందు కాదు. ముక్కలు వేశాక గరిటె పెట్టకండి, మసిగుడ్డతో చట్టిని రెండు చేతులా పట్టుకొని మెల్లగా తిప్పండి. పది, పన్నెండు నిమిషాలకు ముక్క ఉడుకుతుంది. కొట్టిన పొడి చల్లి, రెండు నిమిషాలు ఉంచి దించేయండి. ఎండాకాలంలో మామిడికాయ ముక్కలు వేస్తాం, ఈ కాలంలో అవి లేవని దిగులుపడకండి, కావాలంటే రెండు పుల్లటి టమాటాలు వేసుకోండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. చలికాలమే కదా అని బయట వదిలేయవద్దు. చెప్పాను కదా, మన చలి 20 డిగ్రీలు, చేపను కాపాడేంత చలి కాదు. మర్నాడు తినేంత మటుకే తీసి, బాగా మరిగేలా వేడిచేసుకోండి.

చేపలు తిననివాళ్ళకు పులిహోర ఆ పని చేస్తుంది. ముందురోజు పులుసు కాచి పెట్టుకొని, ఆదివారం అన్నంలో కలుపుకోవడమే.

ఐదో పని: ఎండకు పీట వేయండి

మనవాళ్ళు ఎండను ఎప్పుడూ శత్రువుగానే చూస్తారు, తప్పు లేదు, మే నెలలో అది శత్రువే. డిసెంబరు ఎండ వేరు. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, ఎండాకాలంలో ఎండ తొంగిచూడని దక్షిణపు వరండాలోకి, బాల్కనీలోకి ఇప్పుడు నేరుగా వస్తాడు. మీ ఇంట్లో దక్షిణం ఎటో చూసుకొని అక్కడ పీటో, ప్లాస్టిక్ కుర్చీయో వేయండి. అపార్టుమెంటులో ఆ వైపు బట్టలు ఆరేసే తీగ ఉంటే దాన్ని ఇంకో పక్కకు మార్చండి. మా ఇంట్లో ఇదొక్కటే పెద్ద మార్పు, ఖర్చు ఇనుప మేకులు రెండు.

ఉదయం ఎండ ఒకందుకు, మధ్యాహ్నం ఎండ ఒకందుకు. డిసెంబరు చివర మనకు ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది. లేచిన గంటలోపు పావుగంట సేపు వెలుతురులో కూర్చుంటే ఒంట్లోని గడియారం సరిపడి, రాత్రి వేళకు నిద్ర వస్తుంది. కాఫీ గ్లాసు పట్టుకొని కూర్చున్నా సరే, ఫోను మాత్రం లోపల పెట్టి రండి. ఎముకలకు కావలసిన డి విటమిన్ పొద్దుటి ఎండలో అంతగా రాదు. దానికి మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉండాలి. మన ప్రాంతంలో ఈ కాలంలో అది సుమారు పదిన్నర నుంచి ఒకటిన్నర మధ్య. ఆ సమయంలో చేతులు, కాళ్ళు ఎండ తగిలేలా పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు. జామకాయ కొరుక్కుంటూ, లేదా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

మంచు దట్టంగా పట్టిన పొద్దుల్లో వాకింగ్ మానుకోండి. పొగ, దుమ్ము ఆ మంచుతో పాటు కిందే ఆగి ఉంటాయి. ఆయాసం ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు మంచు విడిచాక, ఏడున్నర తర్వాత బయలుదేరడం మంచిది. ఒక్క రోజు నడవకపోతే కొంపలు మునగవు.

ఆరో పని: తలంటు

వారానికొకసారి, వీలైతే అదే ఆదివారం. నువ్వుల నూనె ఒక చిన్న గిన్నెడు, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయండి. మాడుతో మొదలుపెట్టి, చెవుల వెనక, మెడ, భుజాలు, మోకాళ్ళు, అరికాళ్ళు. తొందరగా రుద్దకండి, మన అమ్మమ్మలు పిల్లలకు పట్టించినట్టు నిదానంగా పట్టించండి. ఒకరికొకరు వీపుకు రాసుకోవాలి, అక్కడ మీ చెయ్యి మీకు అందదు. ఆ తర్వాత అరగంట ఎండలో పాత బట్టలతో కూర్చోండి. ఆ అరగంట మీరు ఏ పనీ చేయలేరు, చేతులన్నీ జిడ్డుగా ఉంటాయి కాబట్టి ఫోనూ పట్టుకోలేరు. తలంటులో నాకు బాగా నచ్చే భాగం ఇదే.

కుంకుడుకాయలు ముందురోజు రాత్రే గింజలు తీసి నానబెట్టండి. ఒంటికి సున్నిపిండి. నీళ్ళు పొగలు కక్కేంత వేడిగా వద్దు, అసలే ఈ కాలంలో చర్మం పొడిబారుతుంది. స్నానాల గది నేల మీద నూనె పడితే ముందుగా పిడికెడు సున్నిపిండి చల్లి కడిగేయండి. మా బంధువుల్లో ఒక పెద్దాయన తలంటు పోసుకొని కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. పెద్దవాళ్ళకు పీట కాదు, చేతులున్న కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

మధ్యాహ్నం వచ్చే నిద్రను ఆపకండి, కానీ గంట దాటనివ్వకండి.

ఏడో పని: సాయంత్రాన్ని సాయంత్రంగా ఉండనివ్వండి

పుష్యమాసంలో పూస గుచ్చడానికి కూడా పొద్దుండదని సామెత. నెల్లూరులో డిసెంబరు మూడో వారంలో ఐదు ముప్పావుకే పొద్దు గూకుతుంది. మనం ఏం చేస్తాం? ట్యూబులైట్లన్నీ వెలిగించి ఆ పొద్దును రాత్రి పదకొండు దాకా సాగదీస్తాం. ఈ రెండు నెలలు ఆ పని చేయకండి. సంధ్యదీపం పెట్టాక హాల్లో ఒక్క పసుపు బల్బు ఉంచి మిగతావి ఆపేయండి. వెలుతురు తగ్గితే నిద్ర తెచ్చే హార్మోన్లు తమ పని మొదలుపెడతాయి, దానికి మాత్రలు అక్కర్లేదు. భోజనం ఏడున్నరకల్లా ముగించండి. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేస్తే, లేదా కాళ్ళు పది నిమిషాలు ఆ నీళ్ళలో ఉంచితే నిద్ర తొందరగా వస్తుంది. ఫోన్లన్నీ వంటింట్లో చార్జింగ్ పెట్టండి, అలారానికి పాత గడియారం వాడండి.

ఇంట్లో సీరియల్ చూసే పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళతో పోట్లాట పెట్టుకోవద్దు. వాళ్ళ అరగంట వాళ్ళది. ఆ తర్వాత టీవీ ఆపేస్తే చాలు.

మరి ఆ సాయంత్రం ఏం చేయాలి? నా సమాధానం తేగలు. మా వైపు గేగులు అంటారు. వానాకాలంలో తాటి టెంకలు పాతిపెడితే, చలికాలానికి మొలకలు దిగి తవ్వకానికి వస్తాయి. ఉలవపాడు, కొత్తపట్నం వైపు ఇసుక నేలల నుంచి కట్టలుగా వస్తాయి. ఒక కట్ట తెచ్చి మట్టి కడిగి, ఉప్పు వేసి ఉడకబెట్టండి, లేదా నిప్పుల మీద కాల్చండి. తేగను గబగబా తినడం ఎవరి తరమూ కాదు. పొట్టు ఒలవాలి, నిలువునా చీల్చాలి, మధ్యలోని చందమామను పిల్లలకివ్వాలి, పీచు తీస్తూ నమలాలి. ఒక తేగకు పది నిమిషాలు, నలుగురు కూర్చుంటే గంట. ఈ గంటలో మా ఇంట్లో మాట్లాడుకున్నంత మామూలు నెలల్లో వారం మొత్తం మాట్లాడుకోం. తేగలు దొరకకపోతే గెనుసుగడ్డలు, ఉడకబెట్టిన వేరుశెనగకాయలు, పచ్చి కందికాయలు. ఏదైనా ఒలుచుకొని తినేదై ఉండాలి, అదే షరతు. చిప్స్ ప్యాకెట్టుకు ఈ గుణం లేదు.

మూడో రోజు చిరాకు

ఇది ముందే చెప్పాలి. నెమ్మదించడం మొదలుపెట్టిన మూడో రోజో, నాలుగో రోజో చాలామందికి కాళ్ళూ చేతులూ ఆడవు. ఏదో మరచిపోయినట్టు, ఎవరో తిడతారన్నట్టు ఉంటుంది. లేచి బీరువా సర్దడం మొదలుపెడతారు. నేనైతే మొదటి ఏడాది విశ్రాంతికే ఒక పట్టిక వేశాను, ఐదున్నరకు ధ్యానం, ఆరుకు ఇది, ఏడుకు అది అని. వారానికి ఆఫీసు కంటే ఎక్కువ అలసిపోయి, ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాను.

చిరాకు వస్తే చేతులకు చిన్న పని ఇవ్వండి, మెదడుకు ఇవ్వకండి. బంతిపూలు గుచ్చడం, ఉసిరికాయలకు గాట్లు పెట్టడం, చిరిగిన బొంత అంచు కుట్టడం. గుమ్మం ముందు ముగ్గు కూడా ఆ కోవకే చెందుతుంది, అయితే వీధిలో అందరికంటే పెద్దది వేయాలని పంతం పట్టనంత వరకు.

ఒక హెచ్చరిక. రెండు, మూడు వారాలు వేళకు తిని, వేళకు పడుకున్నా అలసట అలాగే ఉంటే అది పని అలసట కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర, ఈ మూడింటికీ రక్తపరీక్ష చేయించుకొని డాక్టరుకు చూపించండి. మనసు బరువుగా ఉండి దేని మీదా ఇష్టం లేకపోయినా అంతే, మొహమాటపడకండి.

సంక్రాంతి వస్తే

సంక్రాంతి వారం విశ్రాంతి అని ఆశపెట్టుకోకండి. అరిసెలు, చుట్టాలు, రైలు టికెట్లు, కనుమ నాటి కోడికూర. ఆ వారాన్ని పండగకే వదిలేయండి. చుట్టాలు వెళ్ళాక మిగిలే ఆ ఖాళీ వారం మాత్రం వదులుకోవద్దు, అది డిసెంబరు కంటే మంచిది. జనం అలిసిపోయి ఎవరూ ఎవరి ఇంటికీ రారు.

రథసప్తమికి తెల్లవారుజామున తలమీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగిపండ్లు పెట్టుకొని స్నానం చేయండి. గొబ్బెమ్మల పిడకలు దాచి ఉంటే వాటి మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టుకొని ఎండలోనే తినండి. అప్పటికి ఎండ కొంచెం చురుక్కుమంటుంది, దక్షిణపు వరండాలో పీటను నీడకు జరుపుకోవాల్సి వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది.

ఆ తర్వాత ఏదో ఒక రాత్రి, దుప్పటి తన్నేసి, చెమటతో మెలకువ వస్తుంది. చెయ్యి స్విచ్చు మీదికి వెళుతుంది. వెయ్యకండి, ఇంకా కాదు. రెండు నెలలుగా కదలని రెక్కల మీద వేలెడు దుమ్ము ఉంటుంది, వేయగానే అదంతా మంచం మీద పడుతుంది. పొద్దున్నే స్టూలు వేసుకొని, ఎవరినైనా దాన్ని పట్టుకోమని, పాత దిండుగలేబు ఒక్కో రెక్కకు తొడిగి వెనక్కి లాగండి. దుమ్మంతా గలేబులోనే పడుతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక వేయండి.